బెలూన్ అన్నదమ్ములు

పేరు వింటే ఏ పసిపిల్లాడి పుట్టినరోజు పార్టీయో గుర్తొస్తుంది. 'బ్రదర్‌హుడ్ ఆఫ్ ద బెలూన్'... అంటే బెలూన్ అన్నదమ్ములు! తీరా చూస్తే ఆ బృందంలో పిల్లలెవరూ కనిపించరు. దాదాపు అందరూ యాభై, అరవై, డెబ్భై దాటిన పెద్దమనుషులే. వాళ్లను కలిపింది ఒక ఊరు కాదు, ఒక కాలేజీ కాదు. ఒక జబ్బు... ప్రొస్టేట్ క్యాన్సర్. దానికి వాళ్లంతా ఏరికోరి ఎంచుకున్న చికిత్స... ప్రోటాన్ థెరపీ.

మరి మధ్యలో ఈ బెలూన్ ఏమిటి?

ప్రొస్టేట్ గ్రంథి మూత్రాశయం కింద, పెద్దపేగు చివరి భాగానికి ఆనుకుని ఉంటుంది. పేగులో కాస్త గాలి చేరినా అది అటో ఇటో జరుగుతుంది. జరిగితే కిరణం గురి తప్పుతుంది. అందుకే చికిత్సకు ముందు రోగి గ్లాసులకొద్దీ నీళ్లు తాగి మూత్రాశయం నింపుకోవాలి. ఆపైన వెనకవైపు నుంచి ఓ చిన్న బెలూన్‌ని లోపలికి పంపి, అందులో నీళ్లు నింపుతారు. దాంతో గ్రంథి కదలదు. పేగు గోడలో ఎక్కువ భాగం కిరణానికి దూరంగా జరుగుతుంది. వైద్యపరంగా అంతే సంగతి!

కానీ... జీవితమంతా దర్జాగా బతికిన మనిషికి, ఆఫీసులో అడుగుపెడితే నలుగురూ లేచి నమస్కారం పెట్టిన మనిషికి, ఆ బల్ల మీద పక్కకు తిరిగి పడుకున్న మొదటిరోజు ఎలా ఉంటుంది? ఆ మాట ఎవరితో చెప్పుకోవాలి? భార్యతోనా? కొడుకుతోనా? ఎవరితోనూ చెప్పుకోలేని ఆ సంగతినే వాళ్లు తమ బృందానికి పేరుగా పెట్టుకున్నారు. తలదించుకోవాల్సి వస్తుందేమోనని భయపడిన చోట తలెత్తి నవ్వేశారు.

ఎవరిని అడగాలి?

ఈ కథ 2000లో మొదలైంది. అమెరికాలోని మసాచుసెట్స్‌కు చెందిన రాబర్ట్ మార్కినీకి ప్రొస్టేట్ క్యాన్సర్ ఉందని తేలింది. ఆయన ఇంజినీరు. ఏ యంత్రమైనా కొనేముందు పదిమందిని అడిగి, పది కాగితాలు తిరగేసే రకం. ఇప్పుడు కొనాల్సింది యంత్రం కాదు, తన మిగతా జీవితం!

ఈ జబ్బుతో వచ్చే మొదటి చిక్కు, దారులు ఎక్కువగా ఉండటమే. గ్రంథిని తీసేసే ఆపరేషన్ ఒకటి. బయటినుంచి ఇచ్చే రేడియేషన్ ఇంకొకటి. బియ్యపుగింజల్లాంటి రేడియోధార్మిక గింజల్ని లోపల నాటడం మరొకటి. క్యాన్సర్ నెమ్మదిగా పెరిగే రకమైతే, వెంటనే ఏమీ చేయకుండా పరీక్షలతో కనిపెట్టుకుని ఉండటం కూడా ఒక దారే. సర్జన్‌ని అడిగితే ఆపరేషన్ మంచిదనొచ్చు. రేడియేషన్ డాక్టర్‌ని అడిగితే రేడియేషన్ చాలనొచ్చు. ఎవరి అనుభవం వారిది. కానీ ఆ తరవాత మూత్రం పట్టు తప్పినా, దాంపత్యం దెబ్బతిన్నా భరించాల్సింది మాత్రం ఆ మనిషే. డాక్టరు ఎంత మంచివాడైనా ఆ కుర్చీలో కూర్చోలేదు కదా!

అందుకే మార్కినీ డాక్టర్లతోపాటు ఆ దారుల్లో నడిచి వచ్చినవాళ్లనీ అడిగారు. నేరుగా ఫోన్లు చేశారు. 'ఇప్పుడెలా ఉన్నారు? రాత్రిపూట నిద్ర పడుతోందా? దూర ప్రయాణాలు చేస్తున్నారా? మళ్లీ ఎంచుకోమంటే ఇదే ఎంచుకుంటారా?' ఇవీ ఆయనకు కావాల్సిన జవాబులు. అవన్నీ విన్నాక ఆయన సామాను సర్దుకుని దేశానికి ఆ చివర ఉన్న కాలిఫోర్నియాకి బయల్దేరారు. లోమా లిండా అనే ఊరికి.

బాంబు చేసిన చెయ్యి

లోమా లిండా అంటే స్పానిష్‌లో అందమైన కొండ. లాస్ ఏంజెలిస్‌కి తూర్పున సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న ఊరు. అక్కడి విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంలో 1990లో ప్రోటాన్ చికిత్స మొదలైంది. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో కాకుండా ఆసుపత్రిలోనే ఇలాంటి యంత్రాన్ని పెట్టడం అమెరికాలో అదే తొలిసారి. డాక్టర్ జేమ్స్ స్లేటర్ పట్టుదలకి ఫలితం అది.

అసలు ఈ ఆలోచన అంతకంటే చాలా పాతది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో అణుబాంబు తయారీలో పాలుపంచుకున్న భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ విల్సన్, 1946లో ఓ వ్యాసం రాశారు. మామూలు ఎక్స్-రే కిరణం ఒంట్లోకి దూరి, గడ్డను దాటి, అవతలికి వెళ్లిపోతుంది. దారి పొడవునా ఎంతో కొంత నష్టం చేస్తుంది. ప్రోటాన్ అలా కాదు. వేగం తగ్గుతూ తగ్గుతూ వెళ్లి, ఆగేచోట ఒక్కసారిగా శక్తినంతా వదిలేస్తుంది. ఆ తరవాత దాదాపు ఏమీ మిగలదు. గురి చూసి ఆ ఆగేచోటు గడ్డలో ఉండేలా చేస్తే? అదీ విల్సన్ ప్రశ్న. దానికి జవాబు యంత్రం రూపంలో లోమా లిండాకి చేరడానికి 44 ఏళ్లు పట్టింది. ఆ యంత్రాన్ని తయారుచేసింది విల్సన్ తొలి డైరెక్టర్‌గా నిర్మించిన ఫెర్మీల్యాబ్ వాళ్లే! ఆయన 2000 జనవరిలో కన్నుమూశారు. అదే ఏడాది మార్కినీ ఆ యంత్రం కింద పడుకున్నారు.

తొమ్మిది వారాల కాపురం

అప్పట్లో ప్రొస్టేట్ క్యాన్సర్‌కి చికిత్స అంటే నలభైకి పైగా విడతలు. వారానికి ఐదు రోజుల చొప్పున సుమారు తొమ్మిది వారాలు. రోజూ కిరణం తగిలేది కొద్ది నిమిషాలే. నొప్పి తెలియదు. మిగతా రోజంతా ఖాళీ. ఇల్లు, పిల్లలు ఎక్కడో దూరంగా. ఆ ఖాళీలో మనిషి ఒంటరిగా గదిలో కూర్చుంటే ఏమవుతుంది? గోడలు కూడా క్యాన్సర్ గురించే మాట్లాడతాయి!

అక్కడలా కాలేదు. వెయిటింగ్ హాల్లో గౌను వేసుకుని, కడుపు నిండా నీళ్లు తాగి, తన వంతు కోసం ఓర్చుకుంటూ కూర్చున్న మనిషికి, పక్కన అదే అవస్థలో ఉన్న మనిషి కనిపించాడు. ముందు చూపులు కలిశాయి. తరవాత జోకులు. ప్రతి బుధవారం సాయంత్రం రోగులూ వాళ్ల భార్యలూ కలిసి కూర్చోవడం అక్కడి ఆనవాయితీ. అప్పుడే వచ్చిన కొత్తవాడి బెదురు చూపులకి, రేపోమాపో ఇంటికి వెళ్లబోయేవాడి నవ్వు ముఖమే జవాబు. కొందరైతే ఆ రోజులకి 'రేడియేషన్ వెకేషన్' అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు.

చికిత్స ముగిశాక ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోతారు. అక్కడితో ఈ బంధం తెగిపోవాలా? మార్కినీకి అది నచ్చలేదు. తనతోపాటు చికిత్స చేయించుకున్న కొద్దిమందిని కూడగట్టి 2000 చివర్లోనే బృందాన్ని మొదలుపెట్టారు. ఇంగ్లిష్‌లో దాని పేరులోని ముఖ్య అక్షరాలు కలిపితే 'బాబ్' అవుతుంది. రాబర్ట్ అనే పేరున్నవాళ్లను అమెరికాలో ముద్దుగా పిలిచేదీ అలాగే!

వాళ్లు చేసే పని చాలా చిన్నది. కొత్తగా జబ్బు బయటపడి దిక్కుతోచని మనిషికి, ఆ చికిత్స పూర్తి చేసుకున్నవాళ్ల ఫోన్ నంబర్లు ఇస్తారు. అతను ఫోన్ చేస్తాడు. అవతలివైపు ఓ పెద్దమనిషి తీరిగ్గా మాట్లాడతాడు. అంతే! దానికి ఫీజు లేదు, అపాయింట్‌మెంట్ లేదు. దానికితోడు ఎవరెలా ఉన్నారో, వైద్యంలో కొత్తగా ఏమొచ్చిందో చెప్పే ఉత్తరం. గుప్పెడు మందితో మొదలైన ఆ బృందం వేలమందికి విస్తరించింది. మార్కినీ తన అనుభవాలతో 2006లో పుస్తకం కూడా రాశారు.

కృతజ్ఞత చూపని కోణం

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి.

ప్రాణం నిలిచిన మనిషి, తనను నిలబెట్టిన వైద్యాన్ని పొగడకుండా ఉండలేడు. అది సహజం. కానీ వేలమంది పొగిడినంత మాత్రాన మిగతా వైద్యాలు తక్కువవని తేలినట్టు కాదు. బాగైనవాళ్లు ఫోనెత్తుతారు. బాగుపడనివాళ్లు, విసిగిపోయినవాళ్లు అసలు ఆ జాబితాలోనే ఉండకపోవచ్చు.

2013లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అమెరికా ప్రభుత్వ బీమా లెక్కలు తీశారు. ప్రోటాన్ చికిత్సకి సగటున 32 వేల డాలర్లు దాటితే, ఐఎంఆర్‌టీ అనే ఆధునిక ఎక్స్-రే రేడియేషన్‌కి 19 వేల లోపే సరిపోయింది. ఆరునెలల దగ్గర మూత్ర సమస్యలు ప్రోటాన్ వారిలో కొంచెం తక్కువ. ఏడాది తిరిగేసరికి ఆ తేడా పోయింది. ఆపైన 450 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేసి, ఒక జట్టుకి ప్రోటాన్, మరో జట్టుకి ఐఎంఆర్‌టీ ఇచ్చిన పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి. రెండేళ్ల తరవాత పేగుల పనితీరులో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఐదేళ్లకి క్యాన్సర్ అదుపులో ఉన్నవాళ్లు రెండు జట్లలోనూ సుమారు 93 శాతం! అంటే రెండూ మంచివే.

బ్రిటన్‌లో 1,643 మందిపై చేసిన ఇంకో పెద్ద అధ్యయనం 15 ఏళ్ల ఫలితాలు 2023లో వెలువడ్డాయి. ఆపరేషన్, రేడియేషన్, కనిపెట్టుకుని ఉండటం... ఏ దారిలో వెళ్లినా ఈ క్యాన్సర్ వల్ల చనిపోయింది నూటికి ముగ్గురే. తొలిదశలో కనిపెట్టిన జబ్బు సంగతి అది.

అయితే బెలూన్ అన్నదమ్ములు చేసిందంతా వృథాయేనా? కానే కాదు. ఏ యంత్రం మంచిదన్న ప్రశ్నకి జవాబు లెక్కలు చెప్పాలి. రేపు పొద్దున ఆ బల్ల ఎక్కడానికి ధైర్యం మాత్రం ఏ లెక్కా ఇవ్వలేదు. అది ఎక్కి దిగిన మనిషే ఇవ్వాలి. రొమ్ము క్యాన్సర్ విషయంలో ఆడవాళ్లు ఈ రహస్యాన్ని ముందే కనిపెట్టారు. 1952లోనే న్యూయార్క్‌లో టెరీస్ లాసర్ అనే మహిళ, ఆపరేషన్ అయి మంచమ్మీద ఉన్నవాళ్లను స్వయంగా వెళ్లి పలకరించడం మొదలుపెట్టారు. తనకూ అదే ఆపరేషన్ అయింది మరి. మగవాళ్లకి నోరు పెగలడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది!

మన వాకింగ్ ట్రాక్ మీద...

ప్రోటాన్ చికిత్స ఇప్పుడు అమెరికాకే పరిమితం కాదు. 2019లో చెన్నైలో అపోలో ప్రోటాన్ కేంద్రం మొదలైంది. తరవాత నవీ ముంబయిలో టాటా మెమోరియల్ వాళ్ల కేంద్రమూ వచ్చింది. యంత్రం మన ఇంటి దగ్గరికి వచ్చింది. మరి మాట?

ఏ ఊళ్లోనైనా పొద్దున్నే పార్కులో నడిచే రిటైర్డ్ ఉద్యోగుల్ని ఊహించుకోండి. షుగర్ ఎంతుందో చెబుతారు. బీపీ మాత్రల పేర్లు ఒప్పజెబుతారు. మోకాలి ఆపరేషన్ ఏ ఆసుపత్రిలో బాగా చేస్తారో వాదించుకుంటారు. ఒకాయన మాత్రం నెల రోజులుగా మౌనంగా నడుస్తున్నాడు. పీఎస్ఏ పరీక్షలో తేడా వచ్చింది. బయాప్సీ అయింది. ఇంట్లో భార్యకి తప్ప ఎవరికీ తెలియదు.

"ఏంటి మాస్టారూ, ఈమధ్య హుషారుగా లేరు?"

"ఏం లేదండీ... కాస్త నిద్ర సరిగా పట్టట్లేదు."

అక్కడితో మాట తెగిపోతుంది. అడిగినాయనకి మూడేళ్ల కిందట అదే జబ్బు వచ్చి, రేడియేషన్ చేయించుకుని ఉండొచ్చు. కూతురి దగ్గరికి వెళ్లొస్తానని చెప్పి నెలన్నర ఊళ్లో కనిపించకపోవడానికి కారణం అదే అయి ఉండొచ్చు. ఇద్దరూ పక్కపక్కనే నడుస్తారు. ఒకరి దగ్గర ప్రశ్న ఉంది, ఇంకొకరి దగ్గర జవాబుంది. మధ్యలో మర్యాద అడ్డు.

ఆ మర్యాద ఖరీదు చాలా ఎక్కువ. ఈ జబ్బు తొలిదశలో తరచూ ఏ బాధా చూపించదు. రాత్రి నాలుగుసార్లు లేవాల్సి వస్తే అది చాలావరకు వయసుతో గ్రంథి పెరగడం వల్లే, క్యాన్సర్ కాదు. ఏది ఏదో తేల్చాల్సింది డాక్టరే. కానీ డాక్టరు దాకా వెళ్లమని చెప్పాల్సింది పక్కన నడిచే మనిషి. అన్నకో తండ్రికో ఈ జబ్బు వచ్చిందని ఇంట్లో తెలిస్తేనే కదా, తమ్ముడూ కొడుకూ వేళకి పరీక్ష చేయించుకునేది!

లోమా లిండా రోజుల్లో నలభైకి పైగా ఉన్న విడతలు ఇప్పుడు చాలాచోట్ల ఇరవైకి, కొందరికి ఐదుకి తగ్గాయి. బెలూన్ బదులు గ్రంథికీ పేగుకీ మధ్య ఓ జెల్ నింపే పద్ధతి కూడా వచ్చింది. రేపోమాపో ఆ బెలూన్ ఎవరికీ గుర్తుండకపోవచ్చు. అన్నదమ్ముల అవసరం మాత్రం తీరేది కాదు. దానికి చెన్నై వెళ్లక్కర్లేదు, కాలిఫోర్నియా అంతకన్నా వెళ్లక్కర్లేదు. రేపు పొద్దున పార్కులో రెండో చుట్టు తిరిగేటప్పుడు ఒకాయన కాస్త నెమ్మదించి, గొంతు తగ్గించి, "మాస్టారూ, నాకూ వచ్చిందండీ అది... ఇదిగో, బాగానే ఉన్నాను" అంటే చాలు.

ఆ రాత్రి మాస్టారికి నిద్ర పడుతుంది.