నాలుగు గంటల దూరం

దుబాయిలో ఉన్న మా తమ్ముడు ఎంత దూరంలో ఉన్నాడని చెల్పూర్‌లో ఎవరైనా అడిగితే, ‘విమానంలో నాలుగు గంటలే’ అనేవాళ్ళము. హైదరాబాదు నుండి దుబాయికి ఆకాశమార్గాన దాదాపు 2,550 కిలోమీటర్లు. ఆ లెక్కలో పొరపాటు లేదు.

అబ్బాజాన్ ఫజ్ర్ వేళ అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఇక్కడ ఐదున్నర, అక్కడ నాలుగు. నిద్రలో ఉన్న తమ్మునికి మేమే ఫోన్ చేశాము. అతనికి సెలవు దొరకాలి, టికెట్టు దొరకాలి. శంషాబాదులో దిగిన తర్వాత వరంగల్లు మీదుగా మరో 200 కిలోమీటర్లకు పైగా రావాలి. సముద్రం దాటడానికి పట్టే కాలం కన్నా ఆ రోడ్డుకే ఎక్కువ పడుతుంది.

జనాజాను ఆలస్యం చేయవద్దన్నది ప్రవక్త (స) బోధన. అయినా ‘ఆగమంటావా?’ అని అడిగాము. కాసేపు మౌనం. “భాయిజాన్, నా కోసం ఆపవద్దు” అన్నాడు.

అస్ర్ తర్వాత ఖననం జరిగింది. థర్మల్ కేంద్రం దీపాలు దాటి తమ్ముడు ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి. తెల్లవారి అతణ్ణి ఖబరస్తానుకు తీసుకువెళ్ళి, ఇంకా తడి ఆరని మట్టిని చూపించాము.

ఇప్పుడు ఎవరైనా దూరమెంతని అడిగితే ‘ఒక రోజు’ అంటున్నాము. బిడ్డలను పరదేశానికి పంపే తల్లిదండ్రులు ఈ లెక్కనూ ముందే వేసుకోవాలి.