తనాజుల్

2025 నవంబరు 17న మదీనా దగ్గర బస్సూ డీజిల్ ట్యాంకరూ ఢీకొని 45 మంది యాత్రికులు చనిపోయారు. ఎక్కువమంది హైదరాబాదు వాళ్ళే. ఆ వారం నాకు వచ్చిన మెసేజుల్లో సగం ఒకటే ప్రశ్న: "నువ్వు కూడా అక్కడ బస్సు ప్రమాదంలో పడ్డావుగా, పరిహారం ఎలా అడగాలి?" తెలంగాణ ప్రభుత్వం కుటుంబానికి 5 లక్షలు ప్రకటించింది. అది సాయం. సౌదీ చట్టం ప్రకారం రావాల్సింది వేరే. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక, నాకు జరిగింది ఇక్కడ రాస్తున్నాను. ఎడమ చెయ్యి కీబోర్డు మీద ఎక్కువసేపు నిలవదు, వత్తులు తప్పితే సర్దుకోండి.

2024లో ఒక గురువారం రాత్రి రియాద్ నుంచి దమ్మామ్ బస్సెక్కాను. నాలుగొందల కిలోమీటర్ల దారి. శుక్ర, శనివారాలు సెలవు కదా, ఫ్రెండు ఇంట్లో పప్పుచారు తిని రావాలని. సగం దారిలో ముందున్న నీళ్ళ ట్యాంకరును మా బస్సు వెనకనుంచి గుద్దింది. నా కాలర్ బోను విరిగింది, రెండు పక్కటెముకలు చిట్లాయి. అదృష్టవంతుణ్ణి అన్నారు అందరూ.

మూడోరోజు ఆస్పత్రికి బస్సు కంపెనీ మనిషి వచ్చాడు. ఖర్జూరాల డబ్బా, పరామర్శ, అరబిక్‌లో ఒక పేజీ కాగితం. "ఫార్మాలిటీ, డ్రైవరు బయటికి రావాలి" అన్నాడు ఇంగ్లీషులో. పెన్ను తీసుకున్నాను కూడా. అవతల మంచం దుప్పటి మారుస్తున్న వార్డు మనిషి, జగిత్యాల ఆయన, తల తిప్పకుండానే తెలుగులో అన్నాడు: "సారూ, ఆగుండ్రి. గది తనాజుల్ కాయిదం. సంతకం పెడితె అంతా మాఫ్ చేసినట్టే."

తనాజుల్ అంటే హక్కు వదులుకోవడం. రాత్రి ఫోన్లో ఫొటో తీసి అనువాదం చేసుకుంటే అర్థమైంది. డ్రైవరు మీద ఫిర్యాదు లేదని ఒక వాక్యం, ఇకమీదట ఎవరినీ ఏమీ అడగనని ఇంకో వాక్యం. రెండూ ఒకే సంతకం కింద.

డ్రైవరు లోపల ఎందుకున్నాడో కూడా అప్పుడే తెలిసింది. ఇక్కడి ట్రాఫిక్ చట్టంలో గాయం మానడానికి 15 రోజులు దాటితే అది పెద్ద కేసు, రెండేళ్ళ దాకా జైలు. డాక్టరు నా రిపోర్టులో 28 రోజులు అని రాశాడు. ఎక్స్‌రే చూసి ఆయన వేసిన ఆ అంకెతో ఒక మనిషి లాకప్‌లో ఉన్నాడు. పెషావర్ అతనట. ప్రమాదం జరిగాక నన్ను సీట్లోంచి బయటికి లాగింది అతనే.

నాన్న లారీ డ్రైవరు. నా పదో తరగతిలో తుని దగ్గర ఆయన లారీ కింద ఒక స్కూటరు పడింది. నడిపినాయన బతికాడు, కాలు పోయింది. ఆ రాత్రి నాన్న స్టేషన్లో ఉన్నాడు, అమ్మ మమ్మల్ని పక్కింట్లో పడుకోబెట్టింది. తర్వాత నాలుగేళ్ళు ట్రిబ్యునల్ వాయిదాలు. కాబట్టి ఆ కాగితం ముందు నేను మామూలు బాధితుణ్ణి కాను. సంతకం పెడితే నా డబ్బు పోతుంది, పెట్టకపోతే ఇంకెవరో పదో తరగతి పిల్లాడు పక్కింట్లో పడుకుంటాడు.

ఇంట్లో చెప్పకూడదనుకున్నవాణ్ణి, ఇక ఉండబట్టలేక నాన్నకి ఫోన్ చేశాను. తిట్టాల్సినంత తిట్టాక అడిగాడు: "బండికి ఇన్సూరెన్సుందా?"

ఉంది. సౌదీలో థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. ట్రాఫిక్ వాళ్ళు తప్పుని శాతాల్లో పంచుతారు, మా కేసులో నూరు శాతం బస్సుదే.

"మరింకేంట్రా. డబ్బు వాడి జేబులోంచి రాదు. అప్పుడు నా జేబులోంచి వచ్చిందా? వాణ్ణి వదిలెయ్, డబ్బు వదలకు."

మర్నాడు జగిత్యాల అన్న తనకు తెలిసిన అనువాదకుణ్ణి పట్టుకొచ్చాడు. కొత్త కాగితం రాయించాం. డ్రైవరుకు శిక్ష కోరే హక్కు వదులుకుంటున్నాను, వైద్యం ఖర్చూ పోయిన జీతమూ అడిగే హక్కు వదులుకోవడం లేదు. కంపెనీ మనిషికి నచ్చలేదు. "ఇలా ఎవరూ రాయరు" అన్నాడు. ఈసారి ఖర్జూరాలు తేలేదు. రెండురోజులు తిప్పి, తీసుకున్నాడు.

మందుల బిల్లులు, ట్రాఫిక్ రిపోర్టు, జీతం కోత కాగితాలు అన్నీ ఒక ఫోల్డర్లో పెట్టి బీమా వాళ్ళకిచ్చాను. 2023 డిసెంబరులో అమల్లోకి వచ్చిన కొత్త సివిల్ చట్టం ప్రకారం మానసిక బాధకీ అడగొచ్చు. దావాకు నష్టం సంగతి తెలిసినప్పటినుంచి మూడేళ్ళు గడువు. ఆ బాధకి లెక్క ఎలా కట్టాలో తోచక ఒక అంకె వేశాను, వాళ్ళు దాన్ని కొట్టేశారు.

ప్రాణానికైతే లెక్క పాతకాలంనుంచీ ఉంది, దియా అంటారు. అనుకోని మరణానికి అది లక్ష రియాళ్ళుగా ఉన్న రోజుల్లో ముస్లిం పురుషుడికి మొత్తం లక్ష, స్త్రీకి సగం, హిందూ పురుషుడికి 6,666. 2011లో ఆ లక్షని మూడు లక్షలు చేశారు. ఆస్పత్రి మంచం మీద ఈ లెక్క చదివి నవ్వాను. పక్కటెముకలు నొప్పెట్టి ఆపేశాను.

అయిదు నెలలకు 23,500 రియాళ్ళు వచ్చాయి. అడిగినదాంట్లో సగం కంటే కాస్త ఎక్కువ. కోర్టుకు వెళ్ళొచ్చు అన్నారు, వెళ్ళలేదు. అక్కడ నేను తప్పు చేశానని ఇప్పుడనిపిస్తుంది.

డబ్బు పడిన రోజు నాన్నకి చెప్పాను. ఎంతొచ్చిందో అడగలేదు.

"ఆ డ్రైవరు మళ్ళీ బండెక్కాడా?"

"తెలీదు నాన్నా."

"కనుక్కో" అన్నాడు.