కొండమీద టికెట్టు

మొనాకోలో రేసు చూడ్డానికి రెండు రకాల చోట్లున్నాయి. రేవులో కట్టేసిన పడవల మీదా, హోటళ్ళ బాల్కనీల్లోనూ చేతిలో గ్లాసుతో కూర్చుని చూసేవి ఒక రకం. ఒక్క బాల్కనీకి ఆ రెండు మూడు రోజుల అద్దె వింటే, మన ఊళ్ళో ఓ ఇల్లు లేపచ్చు కదా అనిపిస్తుంది. రెండో రకం ‘రోషే’. రాజుగారి కోట ఉన్న రాతిగుట్ట. దాని వాలు మీద కుర్చీలుండవు, నంబర్లుండవు. ముందొచ్చినవాడిది ముందుచోటు. బండల మీదో చెట్ల వేళ్ళ మధ్యనో ఎవరి తిప్పలు వాళ్ళు పడాలి. 2024 మే 26, ఆదివారం నాటి రేసుకి నేనూ మా నాయనా కొనుక్కున్నది ఆ గుట్ట టికెట్టే. “కొండమీద టికెట్టు దొరికిందా?” అని ముందురోజు నాయన అడిగితే ఇద్దరం నవ్వుకున్నాం. తిరుపతివాళ్ళకి ఆ మాటకి ఉన్న అర్థం వేరు.

నాయన ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. సర్వీసులో సగానికి పైగా తిరుమల ఘాటు మీదే గడిచింది. యాక్సిడెంటు లేని డ్రైవరని డిపోలో ఇచ్చిన సర్టిఫికెట్టు ఇప్పటికీ మా ఇంట్లో వెంకటేశ్వరస్వామి పటం పక్కనే వేలాడుతూంటుంది. నాకు నీస్ దగ్గర సోఫియా ఆంటిపోలిస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వచ్చి రెండు నెలలుండి పొమ్మంటే, మోకాళ్ళ నొప్పులని అమ్మ రాలేదు, ఆయనొక్కడే వచ్చాడు. ఆయన విమానం ఎక్కే ముందు అమ్మ ఫోన్లో ఓ పని అప్పజెప్పింది. నాయనకి రెండు కళ్ళకీ నీటికాసులు. ఎదురుగా ఉన్నది బాగానే కనబడుతుంది, పక్కల చూపు పోతోంది. పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవడమే, రోజూ రాత్రి చుక్కలేసుకోవాలి, బండి తోలడం మానాలి అని డాక్టరు చెప్పాడట. చుక్కలు వేసుకుంటున్నాడు. పాత మారుతీని మాత్రం రోజూ మార్కెట్టు దాకా తీస్తూనే ఉన్నాడు. “నా మాట యాడ ఇంటాడు, నువ్వన్నా చెప్పు” అంది. అలా, కారు తోలొద్దని చెప్పాల్సిన మనిషిని నేను కార్ల రేసుకి తీసుకెళ్ళాను.

మొనాకో దేశం మొత్తం కలిపి రెండు చదరపు కిలోమీటర్లకి కాస్త పైన. అందులోనే 3.337 కిలోమీటర్ల రేసుబాట. విడిగా కట్టిన ట్రాక్ కాదది, ఊరి రోడ్లే. ఏడాదిలో మిగిలిన రోజుల్లో సిటీ బస్సులూ, పిల్లల్ని బడికి దింపే అమ్మల కార్లూ తిరిగే రోడ్లు. రేసుకి ఆరు వారాల ముందు నుంచీ రెండు పక్కలా ఇనపకమ్మీలు బిగిస్తారు, మ్యాన్‌హోల్ మూతలు లేవకుండా వెల్డింగు చేస్తారు. 1929 నుంచీ ఇదే వరస. అప్పటికీ ఇప్పటికీ బాట పెద్దగా మారలేదు, కార్లు మాత్రం 2024 నాటికి రెండు మీటర్ల వెడల్పుకి పెరిగి ఉన్నాయి. మిగతా దేశాల్లో రేసు కనీసం 305 కిలోమీటర్లుండాలి. ఇక్కడ వేగం తక్కువ కాబట్టి 78 చుట్లు, 260 కిలోమీటర్లతో సరిపెడతారు. ఇంటి హాల్లో సైకిలు తొక్కినట్టుంటుందని నెల్సన్ పికే అన్నట్టుగా చెప్పుకుంటారు.

ఇంకో చిత్రమేమిటంటే, ఆ రోజు పరుగులు అయిపోగానే సాయంత్రం ఆ రోడ్లు మళ్ళీ జనానికి వదిలేస్తారు. అందుకని శనివారం సాయంత్రమే వెళ్ళి ఆ బాట మీద నడిచాం. క్యాసినో ముందు వరసగా నిలబెట్టిన కార్ల దగ్గర ఫొటోలు దిగేవాళ్ళతో దారి మూసుకుపోయింది. ఆ క్యాసినోలో సొంత మొనాకో పౌరులు జూదమాడకూడదని చట్టముందని చెప్తే నాయన, “తెలివైనోళ్ళురా” అన్నాడు. అంతకు మించి ఆ భవనం వైపు చూడలేదు. ఆయన ఆగింది కింద హెయిర్‌పిన్ మలుపు దగ్గర. ఫార్ములా వన్ ఏడాది మొత్తంలో ఇంతకంటే నిదానమైన మలుపు లేదు. యాభై కిలోమీటర్ల లోపు వేగంతో తిరుగుతారు. ఇక్కడ స్టీరింగు మామూలుగా తిరిగితే చాలదు, మొనాకో కోసం ప్రత్యేకంగా మార్చుకుంటారు. 

“యాభై లోపలేనా? అంతకు మా బస్సే పోతుంది గదరా.”

అన్నాడే గానీ మలుపు మొదట్నించి చివరిదాకా అడుగులేసి కొలిచాడు. లోపలి అంచు దగ్గర వంగి వాలు చూశాడు. ఇంజను ముందు బరువు లేదు కాబట్టి ముక్కు ఇక్కడ పెట్టాలి, తోక అదే వస్తుంది, అని తనలో తను అనుకుంటున్నట్టుగా చేత్తో గాల్లో స్టీరింగు తిప్పి చూపించాడు. అలా చూపిస్తూ ఎడమకి జరిగి, అక్కడ నిలబడ్డ ఒకావిడకి గట్టిగా తగిలాడు. ఆవిడ చేతిలో ఐస్‌క్రీము కింద పడింది. ఆవిడ ఎర్ర టోపీ, ఎర్ర చొక్కా, మనిషి ఎత్తు దూరంలో అప్పటికి ఐదు నిమిషాలుగా అక్కడే ఉంది. నేను క్షమాపణ చెప్పి ఐస్‌క్రీము కొనిచ్చాను. నాయన ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

ఆదివారం పొద్దున్నే నీస్‌లో రైలెక్కాం. పాతిక నిమిషాల ప్రయాణం. పెట్టెలో సగం మంది ఫెరారీ టోపీలు. మిగతా సగం నల్ల ప్యాంటూ తెల్ల చొక్కా వేసుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నవాళ్ళు. హోటళ్ళకీ వంటిళ్ళకీ పోయేవాళ్ళు. మొనాకోలో కాపురమున్న జనం కన్నా రోజూ ఫ్రాన్సు, ఇటలీల నుంచి పనికొచ్చిపోయే వాళ్ళే ఎక్కువ. అక్కడ స్థిరపడ్డవాళ్ళకి, ఫ్రెంచివాళ్ళు తప్ప, ఆదాయపు పన్ను లేదు. కానీ ఆ ఊళ్ళో అద్దె కట్టగలిగితేనే కదా స్థిరపడేది. “బ్రహ్మోత్సవాలకు స్పెషల్ డ్యూటీ ఏసినట్టు ఏసినారు ఈళ్ళకు,” అన్నాడు నాయన. 

గుట్ట మీద పెరుగన్నం పొట్లాలతో మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. కింద రేవు నిండా తెల్లటి పడవలు. పడవల్ని చూడ్డానికి పది నిమిషాలు చాలు, ఆ తర్వాత అవన్నీ ఒకటే. మూడింటికి రేసు మొదలైంది. మొదటి చుట్టులోనే, మాకు కనబడని ఎగువ రోడ్డులో పెరెజ్, మాగ్నుసెన్, హుల్కెన్‌బర్గ్ కార్లు గుద్దుకుని తుక్కయ్యాయి. ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు. ఎర్రజెండా వేసి కమ్మీలు బాగుచేసేదాకా ముప్పావుగంట ఆపేశారు. ఆ సందులో అందరూ టైర్లు మార్చేసుకున్నారు. రేసులో ఒకసారి టైర్లు మార్చి తీరాలన్న నియమం అక్కడికే తీరిపోయింది. ఇక ఆగాల్సిన పని లేదు, దాటడానికి చోటు లేదు. ముందున్న షార్ల్ లెక్లెర్ టైర్లు అరక్కుండా కావాలనే నిదానంగా పోయాడు. వెనకున్నవాళ్ళంతా వాడి వెంటే. చివరికి మొదటి పదిమందీ బయల్దేరిన వరసలోనే వచ్చి చేరారు. ఫార్ములా వన్‌లో ఎన్నడూ జరగని సంగతి. మా పక్కనున్న కుర్రాళ్ళు సగంలోనే పేకముక్కలు తీశారు. 

నాయనకి మాత్రం ఇదే అసలు డ్రైవింగు. “ఘాటులో ముందు లారీ ఉంటే ఎనక పది బస్సులుండినా ఏం జేస్తారు? ముందోనిది రాజ్యం. కానీ డెబ్బై ఏడు చుట్లు కమ్మీ తాకకుండా, తొందరపడకుండా తోలల్ల గదా. స్పీడు ఎవుడైనా పోతాడు.” రేసు విసుగ్గా ఉందని మర్నాడు పత్రికలన్నీ రాశాయి. 2025లో రెండుసార్లు టైర్లు మార్చాలని కొత్త నియమం కూడా పెట్టారు. దానివల్ల ఒరిగింది పెద్దగా లేదు. నాకు నాయన మాటే సబబుగా తోస్తుంది.

మేం కూర్చున్న చోటికి కార్లు స్విమ్మింగ్‌పూల్ పక్కనుంచి ఎదురుగా దూసుకొచ్చి, కింద రాస్కాస్ మలుపు తిరిగి ఎడమకి పోతాయి. మొదట కొన్ని చుట్లు ఆయన వాటి వెంట తల తిప్పుతూ చూశాడు. మలుపు తిరిగిన కారు ఆయనకి అందడం లేదు. తల తిప్పేలోగా అది లేదు, దాని వెనకది వచ్చేసింది. ఇరవయ్యో చుట్టుకేమో తల తిప్పడం మానేశాడు. ఎదురుగా సముద్రం వైపు చూస్తూ, చెయ్యి మోకాలి మీద పెట్టుకుని, వేళ్ళతో గేర్లు లెక్కపెట్టడం మొదలెట్టాడు. “నాలుగు, మూడు, రెండు… ఇప్పుడు తిరిగినాడు. ఇప్పుడు తొక్కినాడు.” నేను కిందికి చూసి సరిచూసుకున్నాను. ప్రతిసారీ సరిగ్గానే ఉంది. “ఆ మూడోవాడు లేటుగా కాలు తీస్తాండాడు సూడు,” అన్నాడు. ఆయనకెంత కనబడుతుందో, ఎంత కనబడదో డాక్టరు చీటీలోని అంకెల కన్నా నాకు అప్పుడే బాగా తెలిసింది.

లెక్లెర్ గెలవగానే రేవులో పడవలన్నీ ఒక్కసారి హారన్లు మోగించాయి. వాడు ఆ ఊరి పిల్లాడు. 1931లో లూయీ షిరాన్ తర్వాత ఇక్కడ గెలిచిన మొనాకోవాడు వీడే. 2021లోనూ 2022లోనూ అందరికంటే ముందు చోటు సంపాదించీ గెలవలేకపోయాడు. మొదటిసారి రేసు మొదలుకాకముందే బండి చెడిపోయింది. రాజుగారు కూడా కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత వాడు తన టీము పెద్దతో కలిసి రేవు నీళ్ళలోకి దూకాడు. 

తిరుగు రైల్లో ఫోన్లో వార్తలు చదివి నాయనకి చెప్పాను. వాళ్ళ నాన్న కూడా ఒకప్పుడు రేసులు తోలినవాడే, 2017లో పోయాడు. ఆయన చివరి రోజుల్లో, ఫార్ములా వన్‌లో చోటు ఖాయమైందని కొడుకు అబద్ధం చెప్పాడు. తర్వాత అది నిజమైంది. ఇవాళ చివరి రెండు చుట్లలో నాన్నే గుర్తొచ్చి, కళ్ళల్లో నీళ్ళు నిండి, సొరంగంలోంచి బయటికొచ్చేటప్పుడు ముందేమీ సరిగ్గా కనబడలేదట.

“కనబడకుండానే తోలినాడా?”

“అట్లే చెప్పినాడు.”

“రోజూ పోయే దోవ గదా. పుట్టిన ఊరు. చెయ్యే పోతుంది.” కాసేపాగి, “మార్కెట్టుకు నేను పోయేదీ అంతే,” అన్నాడు.

“వాడికి రెండు పక్కలా కమ్మీలు కట్టినారు నాయనా. అడ్డమొచ్చేవాళ్ళు లేరు. మన మార్కెట్టు రోడ్డుకు ఎవురు కట్టినారు? నిన్న ఆవిడ నీ పక్కనే ఉండింది.”

ఆయన కిటికీ వైపు తిరిగాడు. నీస్ వచ్చేదాకా మాట్లాడలేదు.

ఇంటికొచ్చేసరికి పదయింది. చుక్కల టైము గంట దాటింది. అమ్మ ఫోను చేసింది. అక్కడ అర్ధరాత్రి దాటి ఒకటిన్నర, నిద్రపోకుండా కూర్చుంది. నేను నోరు తెరిచేలోగా నాయన ఫోను తీసుకుని మొదట్నించీ రేసంతా చెప్పాడు, కింద పడిన ఐస్‌క్రీముతో సహా. ఆఖర్న, “బండి సంగతి నేనొచ్చినాక చూద్దాంలే. అంతవరకు మీ తమ్మున్ని దినామూ ఒకసారి స్టార్టు చెయ్యమను, బ్యాటరీ పోతుంది,” అని ఫోను నాకిచ్చాడు. మంచం మీద వెనక్కి వాలి కళ్ళు పెద్దవి చేసి పైకి చూస్తూ పడుకున్నాడు. నేను సీసా మూత తీశాను.