అమ్మ, అరకు, ఓ కారవాన్

షూటింగుల దగ్గర హీరోగారు సేదదీరే కారవాన్ చూశారు కదూ? అలాంటిదొకటి అద్దెకు తీసుకుని, నవంబరులో వలిసెపూలు లోయంతా పచ్చగా పరుచుకున్నప్పుడు అమ్మకు అరకు చూపించాలని నా ఆరాటం! మా ఎల్‌బీ నగర్ నుంచి సుమారు 700 కిలోమీటర్లు. నడుంనొప్పి మనిషి, పడుకునైనా వస్తుందని నా లెక్క.

మ్యాపు ముందేసుకున్నాక గుండె జారింది. అనంతగిరి ఘాట్‌రోడ్డంతా మలుపులే! పడుకున్న మనిషి అటూ ఇటూ దొర్లిపోదూ?

"బండి విశాఖలో ఆపేసి రైలెక్కుదామమ్మా. 2017లో అద్దాల పెట్టె కూడా తగిలించారు. కానీ నాలుగు గంటలు కూర్చోవాలి..." నసిగాను.

"మీ నాన్న ముప్పయ్యేళ్లు వాయిదాలేశారు. నువ్వూ ప్లాన్లే వేస్తావా? కూర్చుంటాగానీ, టిక్కెట్లు కొనరా!"

కొనేశాను. కిటికీ పక్క సీటు మాత్రం ఆవిడదేనట!