మడిగె తలుపూ, ఎత్తు బండీ

మా కరీంనగరం ప్రాంతంలో ఇల్లు కట్టుకొన్నవారు "ముందట రెండు మడిగెలు తీసినం" అని చెప్పుకోవడం పరిపాటి. మడిగె అంటే అంగడి గది. కన్నడంలోని మళిగెకు ఇది దగ్గరి చుట్టము. ఇప్పుడా మాట పెద్దల నోళ్ళలోనే మిగిలింది. పిల్లలందరూ "రెండు షెట్టర్లు కిరాయికిచ్చినం" అంటున్నారు. తలుపు పేరు గదికి వచ్చిందన్నమాట. అలంకార శాస్త్రంలో లక్షణ అని చెప్పుకొనేది మన బజారులో ఇట్లా నిత్యమూ జరుగుతూనే ఉంటుంది.

ఇంగ్లీషువారి గ్యారేజి మన ఊళ్ళలో చాలామందికి లేదు. కిరాయికి పోని మడిగెయే గ్యారేజి. దాని తలుపు దుకాణం కోసం పెట్టినది, మనిషి ఎత్తును లెక్కలో పెట్టుకొని పెట్టినది. దానిలోనికి బండిని పంపాలనుకొన్నప్పుడు చిక్కులు మొదలవుతాయి. అటువంటి చిక్కు ఒకటి మా ఇంట కొన్ని నెలలు నడిచింది. ఇతరులకు పనికి వచ్చే సంగతులు అందులో ఉన్నవి కనుక వ్రాస్తున్నాను.

మా తమ్ముని కొడుకు ఒక ఎత్తైన వ్యాను కొన్నాడు. వేములవాడకు, కొండగట్టుకు, ధర్మపురికి, బాసరకు యాత్రికులను తీసుకొనిపోయి తెస్తాడు. బ్యాంకు అప్పు, నెలనెలా కిస్తీ. బండిని రాత్రిపూట మా గల్లీలోనే నిలిపేవాడు. ఒక రాత్రి ఎదురింటి పెద్దాయనకు గుండెనొప్పి వచ్చింది. అంబులెన్సు గల్లీ మలుపు దాకా వచ్చి ఆగిపోయింది, ముందుకు రావడానికి ఈ వ్యాను అడ్డము. వీడు నిద్రలేచి తాళంచెవి వెదకి బండి తీసేలోపల ఇరుగుపొరుగు వారు ఆయనను మంచం మీదనే మోసుకొని పోయినారు. దైవానుగ్రహం వలన ఆయన బ్రతికి ఇంటికి వచ్చినాడు, ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే వీడికి ఎక్కువ బాధ అయింది. "పెద్దబాపూ, రేపటి నుంచి బండి గల్లీల పెట్ట. మడిగెల పెడుత, లేకుంటే అమ్ముత" అన్నాడు.

మడిగె వెడల్పు చాలును, లోతు చాలును. చాలనిది ఎత్తు. గడప నుండి పై బీము వరకు ఏడున్నర అడుగులు. కానీ షెట్టరు పూర్తిగా పైకి పోదు, అడుగు పట్టీ ఐదు అంగుళాలు క్రిందికి వ్రేలాడుతుంది. అంటే దారి 7 అడుగుల 1 అంగుళమే. బండి చూస్తే 7 అడుగుల 2 అంగుళాలు, దానిపైన సామాను క్యారియరు మరో ఐదు అంగుళాలు.

మొదట వచ్చిన మేస్త్రీ సులభోపాయం చెప్పినాడు. "బీము కింద నాలుగు అంగుళాలు చెక్కేద్దాం సార్, ఒక్కపూట పని." మా పూర్వ విద్యార్థి ఒకడు ఇంజనీరు. వాడికి ఫోను చేసి అడిగితే "సార్, దయచేసి ఆ పని చేయనీయకండి" అన్నాడు. బరువు పడినప్పుడు బీము పైభాగం నలుగుతుంది, క్రిందిభాగం సాగుతుంది. కాంక్రీటు నలుగుడుకు ఓర్చుకొంటుంది గాని సాగుడుకు ఓర్వదు. అందుకే ముఖ్యమైన ఇనుప చువ్వలు క్రిందివైపున వేస్తారు. నాలుగు అంగుళాలు చెక్కడమంటే ఆ చువ్వలను కోయడమే. ఆ బీము మీద పై అంతస్తు గోడ ఉన్నది, ఆ గోడ వెనుక ఇద్దరు చిన్నపిల్లలతో ఒక కుటుంబం కిరాయికి ఉన్నది. ఆ మాట అంతటితో ముగిసింది.

రెండవ ఉపాయం మడిగె లోపలి నేలను త్రవ్వడం. వినడానికి బాగానే ఉన్నది. కానీ కాగితం మీద గీసి చూస్తే సంగతి తేలింది. వెనుక చక్రం గడప మీదికి వచ్చిన క్షణాన దానికి పైనున్న బండి కప్పు సరిగ్గా బీము క్రిందనే ఉంటుంది. లోపల ఎంత త్రవ్వినా ఆ క్షణంలో ఎత్తు తగ్గదు. తగ్గవలసినది గడప. మా గడప మీద వాన నీరు రాకుండా రెండు అంగుళాల సిమెంటు దిమ్మె ఉండేది. దానిని తొలగించి, బయట అడ్డంగా ఒక కాలువ తీసి, పైన ఇనుప జాలీ వేయించినాము. వాన నీరు ఇప్పుడా కాలువలో పడి ప్రక్కకు పోతున్నది.

మూడవది షెట్టరు. ఈ తలుపు ఎట్లా లేస్తుందో చాలామంది గమనించరు. బీము వెనుక ఒక పైపు, దానిలో చుట్టలు చుట్టిన స్ప్రింగులు. షెట్టరును క్రిందికి లాగినప్పుడు స్ప్రింగు బిగుసుకొంటుంది. పైకి లేపినప్పుడు ఆ బిగువే మన చేతికి సాయం చేస్తుంది. కొన్ని సంవత్సరాలకు స్ప్రింగు అలసిపోతుంది. అప్పుడు షెట్టరు బరువెక్కుతుంది, పూర్తిగా చుట్టుకోక అడుగు పట్టీ వ్రేలాడుతుంది. ప్రక్కనున్న కాడులలో దుమ్ము, ఎండిన గ్రీజు పేరుకొంటే ఒకవైపు ముందు, ఒకవైపు వెనుక అయి వంకరగా ఇరుక్కుంటుంది. అప్పుడు మనము చేసే పని కాలితో తన్నడం! దానితో పట్టీలు వంగి రోగం ముదురుతుంది. కాడులను గుడ్డతో తుడిచి, కిరసనాయిలుతో కడిగి, పలుచగా నూనె పూస్తే సగం షెట్టర్ల రోగం అక్కడనే కుదురుతుంది.

స్ప్రింగు జోలికి మాత్రం మనము పోరాదు. బిగించిన స్ప్రింగు పట్టు తప్పితే చేయి విరుగుతుంది, అంతకన్న పెద్ద ప్రమాదమూ జరుగవచ్చును. తెలిసిన షెట్టరు మిస్త్రీ వచ్చి పాత స్ప్రింగులు తీసి క్రొత్తవి వేసినాడు. వంగిన రెండు పట్టీలను మార్చినాడు. షెట్టరు బీము క్రింద ఒక్క అంగుళం మాత్రమే కనబడేంతగా పైకి పోయింది. ఐదు పోయి ఒకటి మిగిలింది, నాలుగు అంగుళాలు చేతికి వచ్చినవి. చెక్కమన్నది కూడా నాలుగు అంగుళాలే కదా!

ఇక బండి. క్యారియరును బోల్టులు విప్పి తీసివేసినాము. సామానుకు వెనుక సీటు క్రింద చోటు చేసుకొన్నాడు. ఇక్కడ ఒక మెలిక ఉన్నది. వాడు కొలిచినది మనుషులు, మూటలు ఉన్న బండిని. ఖాళీ అయినప్పుడు బండి కమాన్లు తేలి కప్పు పైకి లేస్తుంది. మళ్ళీ కొలిస్తే 7 అడుగుల మూడున్నర అంగుళాలు! రాత్రి ఇంటికి వచ్చేది ఖాళీ బండియే కనుక కొలత ఖాళీ బండిదే కావాలి. వేగంగా ఎక్కిస్తే బండి ఎగిరి మరో అంగుళం లేస్తుంది కనుక నడక కూడా మెల్లగా ఉండాలి. అన్నీ లెక్క వేస్తే దారి 7 అడుగుల 7 అంగుళాలు, పైన మిగిలిన సందు మూడున్నర అంగుళాలు, అంటే బెత్తెడు.

ఈ లెక్కలు వేస్తున్నప్పుడు నాకు కడెం ప్రాజెక్టు మాటిమాటికీ జ్ఞాపకం వచ్చింది. అది ఒకనాటి ఆదిలాబాదు జిల్లాలోనిది, 2016 అక్టోబరు నుండి నిర్మల్ జిల్లాలో ఉన్నది. 1958లో వచ్చిన వరద ఆ కట్ట మీదుగానే పొర్లి దానిని దెబ్బతీసింది. ఆ తర్వాత గేట్లు పెంచినారు, మొత్తం 18 అయినవి. 2022 జూలైలో 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. గేట్లు విడువగలిగినది సుమారు 3 లక్షలు. ఆ పద్దెనిమిదిలోనూ ఒకటి తెరచుకోనేలేదు. దిగువ పల్లెలవారిని ఇండ్లు ఖాళీ చేయించి పంపివేసినారు. కట్ట నిలిచింది, ప్రాణాలు నిలిచినవి. 2023 జూలైలో మళ్ళీ కొన్ని గేట్లు మొరాయించినవి. మడిగె షెట్టరైనా నదికి గేటైనా ప్రశ్నలు రెండే. వచ్చేదాని ఎత్తు ముందుగా తెలుసుకొన్నామా? అవసరమైన గడియకు ఆ తలుపు లేస్తుందా?

పూర్వులు మొదటి ప్రశ్నను మరువలేదు. మా ప్రాంతపు గడీలకు సవారి బండ్లు పట్టే పెద్ద దర్వాజ ఉండేది, మనుషులు వచ్చిపోవడానికి అందులోనే చిన్న దిడ్డి. దేవుని రథానికి రథశాల కట్టినప్పుడు శిఖరాన్ని చూసి ద్వారం పెట్టినారు. అయితే లోపల పెట్టి తాళం వేసినంత మాత్రాన పని తీరదు. 2020 సెప్టెంబరులో అంతర్వేదిలో షెడ్డులో నిలిపి ఉన్న సుమారు 40 అడుగుల రథం అగ్నికి ఆహుతి అయిన సంగతి అందరికీ తెలిసినదే. అందుకే మడిగెలో పాత వైర్లు తీయించి క్రొత్తవి వేయించినాను. వానకాలంలో తెగిన వైరు తగిలి ఇనుప షెట్టరుకు కరెంటు వచ్చే ప్రమాదం కూడా ఉన్నది. షెట్టరు దించి లోపల ఇంజను నడుపరాదని వాడికి గట్టిగా చెప్పినాను, ఆ పొగకు వాసన తెలియకుండానే ప్రాణం తీసే గుణం ఉన్నది.

మొదటి రాత్రి నేను లోపల టార్చిలైటు పట్టుకొని నిలబడినాను, వాడి తల్లి బయట నిలబడింది. అంగుళం అంగుళంగా బండి లోపలికి వచ్చింది. కప్పు బీము క్రిందినుండి జారిపోతుంటే ముగ్గురమూ ఊపిరి బిగబట్టినాము. ఎక్కడా తగలలేదు. ఎదురింటి పెద్దాయన అరుగు మీద కూర్చుండి అంతా చూస్తున్నాడు. "పట్టిందా బిడ్డా?" అని అడిగినాడు. "పట్టింది తాతా" అన్నాడు వాడు, షెట్టరు దించుతూ.

స్తంభం మీద ఎర్ర రంగుతో 7 అడుగుల 7 అంగుళాల గీత గీసి ఉంచినాను. పైకప్పు మీద ఏసీ పెట్టిస్తే కిరాయి ఎక్కువ వస్తుందని ఈమధ్య వాడిని ఎవరో ఊరిస్తున్నారట. పోయి ఆ గీతను చూసి రమ్మన్నాను.