నువ్వెవరు? అని అడిగిన కంప్యూటరు

వార్షికోత్సవ సంచికకు ఏమైనా రాయమని వార్డెన్ సారు అడిగారు. హాస్టల్ జ్ఞాపకాలు అన్నలందరూ రాస్తారు కదా. అందుకే మొన్న శివరాత్రి సెలవుల్లో మన కంప్యూటర్ రూములో నేను పడిన అవస్థ రాస్తున్నాను.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. నాయన బేల్దారి పనికి పోతాడు. నేను తిరుపతిలో ఎం.సి.ఏ. చదువుతున్నాను కాబట్టి ఊళ్లో టీవీ చెడినా నన్నే పిలుస్తారు. హాస్టల్లోనూ అంతే.

మూలనున్న పాత విండోస్ 7 కంప్యూటరు మీకు తెలుసు. అందులో 'మెటీరియల్' ఫోల్డరులో పదో తరగతి పాత ప్రశ్నపత్రాలు, పాలిటెక్నిక్ ఎంట్రన్సు బిట్లు, అన్నలు చేత్తో రాసి స్కాన్ చేసిన లెక్కల నోట్సులు ఉన్నాయి. పదిలో నేను లెక్కల్లో గట్టెక్కింది వాటి పుణ్యమే. దాని మానిటరు పోయింది. వైరస్ ఎక్కుతోందని పెన్‌డ్రైవు పోర్టులు ఎప్పుడో మూసేశారు. నెట్‌వర్కులో షేర్ చేసి ఉంది కాబట్టి మిగతా కంప్యూటర్లలోంచి పాస్‌వర్డ్ లేకుండానే తెరిచేవాళ్లం. ఈసారి వాటి స్థానంలో విండోస్ 11 ప్రో ఉన్న కొత్తది వచ్చింది. ఫోల్డరు నొక్కితే, గుర్తింపు లేని గెస్టులను రానివ్వం అని ఇంగ్లీషులో చెప్పి ఊరుకుంది. పబ్లిక్ పరీక్షలకు నెలే ఉంది.

కేబుల్ మార్చాను, పింగ్ చేశాను. జవాబు వస్తోంది, తలుపు మాత్రం తెరుచుకోవడం లేదు. వెనక పదో తరగతి తమ్ముళ్లు "అన్నా, అయిందా?" అంటున్నారు. సాయంత్రం దాకా కాలేదు. ఇంటికి పోతే నాయన "నువ్వు చదివేది అదే కదరా" అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడు గానీ ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

అడ్డదారి ఒకటి నాకు తెలుసు. కొత్తదానిలో రక్షణ సెట్టింగులు తీసేసి గెస్టును రానిస్తే చాలు, రెండు నిమిషాల పని. పాత ఎస్‌ఎంబీ 1 కూడా ఆన్ చేయమని స్నేహితుడొకడు ఫోన్లో చెప్పాడు. చెయ్యబోయి ఆగాను. 2017 మే నెలలో వానాక్రై అనే వైరస్ ఆ ఎస్‌ఎంబీ 1 లోని లోపం పట్టుకునే ఒక కంప్యూటరు నుంచి ఇంకో కంప్యూటరుకు పాకి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి, చిత్తూరు జిల్లావి సహా. అప్పటికి మన శ్రీకాళహస్తి ఆ జిల్లాలోనే ఉంది. అన్నల నోట్సులకు అలా తాళం పడితే ఎవరు జవాబు చెప్తారు? పైగా విండోస్ 7కు ఎస్‌ఎంబీ 2 వచ్చు, ఆ పాతదాని అవసరమే లేదు.

అసలు సంగతి మరుసటి రోజు అర్థమయింది. 2024లో వచ్చిన 24హెచ్2 నుంచి విండోస్ 11 ప్రో గెస్టును ఒప్పుకోదు. పంపే ప్రతి ముక్క మీదా సంతకం కావాలంటుంది. సంతకం తాళంచెవి పాస్‌వర్డ్ నుంచి పుడుతుంది, గెస్టుకు పాస్‌వర్డే లేదు. ఔటింగ్ చీటీ మీద సారు సంతకం లేకపోతే వాచ్‌మన్ గేటు తియ్యడు చూడండి, అలాగన్నమాట.

కొత్తదాని మానిటరు పాతదానికి తగిలించి, పాస్‌వర్డుతో ఒక యూజర్‌ను చేశాను. పాస్‌వర్డ్ షేరింగ్ ఆన్ చేసి, ఆ యూజర్‌కు చదివే అనుమతి ఇచ్చాను. మళ్లీ కాదంది! షేరింగులో ఇస్తే చాలదు, సెక్యూరిటీ ట్యాబులో కూడా ఇవ్వాలి. అది మరిచి అరగంట పోగొట్టుకున్నాను. చివరికి కొత్తదానిలో పాత కంప్యూటరు పేరు, గీత, యూజర్ పేరు కలిపి కొడితే తెరుచుకుంది. మొదట వచ్చింది త్రికోణమితి నోట్సు. పక్కన ఎర్ర ఇంకుతో ఎవరో అన్న "ఇది మళ్లీ చూడాలి" అని రాసుకున్నాడు. తమ్ముళ్లు నన్ను పక్కకు జరిపి కూర్చున్నారు.

విండోస్ 7కు 2020 జనవరిలోనే అప్‌డేట్లు ఆగిపోయాయి. అందుకే మొత్తం కొత్తదానిలోకీ, విడిగా ఒక హార్డ్ డిస్కులోకీ ఎక్కించాను. నోట్సులు దాచుకున్న అన్నలెవరైనా ఉంటే పంపండి, చేరుస్తాం. పాస్‌వర్డ్ సారు దగ్గర ఉంది. తమ్ముళ్లూ, దాన్ని గోడ మీద మాత్రం రాయకండి.