పళ్లెములోని సరళవృక్షము

చిన్నదానిని చూచినప్పుడు అది పుట్టుకచేతనే చిన్నదని తలంచుట లోకమున సహజము. చిన్నదిగా జేసిన చెయ్యి యెవ్వరిదో విచారించువారు మిక్కిలి యరుదు. ఈ భ్రమను పోగొట్టుటకు జపానువారి బోన్సాయి విద్యకంటె మంచి గురువు మాకు కనబడలేదు. బోన్సాయి యనగా పళ్లెమున నాటినది యని యర్థము.

ఈ విద్యలో సరళవృక్షము, అనగా పైను చెట్టు, ప్రధానమైనది. చెట్టును తిండి పెట్టక మాడ్చి చిన్నది చేయుదురని మనలో పలువు రనుకొందురు. అది నిజము కాదు. నీరు నిలువని గరుకుమట్టిలో నాటి, వేళకు నీరు పోసి, ఎరువు వేసి, ఎండ తగులనిచ్చి బలముగ బెంచుదురు. బలము గల చెట్టునకే కత్తెర. నల్ల పైనునకు వసంతమున కొవ్వొత్తులవంటి చిగుళ్లు లేచును. జూన్, జూలై నెలలలో వానిని మొదలంట ద్రుంచినచో మఱల కుఱుచ చిగుళ్లు పుట్టి, వాని సూదియాకులును పొట్టివగును. శరత్తున ఒక్కొక్క కొనకు రెండు చిగుళ్లు మాత్రముంచి, పాతయాకులను పలుచన చేయుదురు. ఐదేసి యాకులు గుత్తిగా గల తెల్ల పైనునకు ఈ పద్ధతి పనికిరాదు. అది సాధారణముగా ఏటికొక్కసారియే చిగురించును గనుక, వసంతమున దాని చిగుళ్ల కొనలుమాత్రమే గిల్లుదురు. ఒకే కత్తెర రెండు చెట్లకును న్యాయము చేయదు.

కొమ్మలను వంచుటకు రాగితీగ చుట్టుదురు. కొమ్మ లావగుకొలది తీగ బెరడులోనికి దిగును. కావున మాలి తఱచుగ చూచుచు, గాటు పడకమునుపే దానిని తునకలుగా కోసి తీసివేయును. విప్పబోయినచో కొమ్మ విఱుగునని వాని భయము. కొమ్మపై నొక్క యాకైనను మిగుల్పనిచో ఆ కొమ్మ యెండిపోవుటే తఱచు. పళ్లెము మార్చునప్పుడును వేళ్ల నంటిన పాతమట్టి నంతయు కడిగివేయరు. వేళ్లకు తోడుగా బ్రదుకు తెల్లని బూజు అందుండును.

కొన్ని యేండ్ల క్రిందట మేము వాషింగ్టను నగరమందలి జాతీయ వృక్షోద్యానమున నొక తెల్ల పైనును చూచితిమి. 1625 నుండి దానిని పళ్లెమున బెంచుచున్నారు. అది హిరోషిమాలోని యమకి కుటుంబమువారిది. 1945 ఆగస్టు 6వ తేదిని అణుబాంబు పడినప్పుడు, ఆ చోటికి సుమారు రెండు మైళ్ల దూరమున గోడచాటున నుండి అది బ్రదికినది. 1976లో మసారు యమకిగారు దానిని అమెరికాకు కానుకగా నిచ్చిరి. ఆయన మనుమలు 2001లో వచ్చి చెప్పువఱకు ఆ చెట్టు పడిన గండము అక్కడివారికి దెలియదు.

మేము దాని యెదుట నిలిచియుండగా, ప్రక్కనున్న మనదేశపు పెద్దమనిషి యొకరు "ఇది పొట్టిజాతి చెట్టు కాబోలు" ననిరి. కాదు. అట్టి చెట్టు విత్తును నేలలో నాటినచో, పుట్టిన మొక్క తన జాతిచెట్లవలెనే మాకై నిలుచును. పొట్టితనము పళ్లెములోను కత్తెరలోను ఉన్నది, విత్తులో లేదు.

ఆ పెద్దమనిషి మాట వినగానే మాకు మా మేనత్త జ్ఞప్తికి వచ్చినది. ఆమెను బడికి బంపలేదు. పండ్రెండవ యేట పెండ్లిచేసిరి. పాలపద్దు, కౌలుధాన్యము, వడ్డీ, అన్నిటి లెక్కయు కాగితము ముట్టక నోటితో చెప్పెడిది. అయినను ఇంటి మగవారు "ఆడువారికి లెక్కలెక్కడ వచ్చును?" అని యామె యెదుటనే యనెడివారు. ఆమెయు నవ్వి యూరకుండెడిది. అనగా ననగా ఆమెయే దానిని నమ్మినది. తాను చెప్పునది లెక్కలు కావనియు, ఏదో యలవాటనియు మాతో ననెడిది. నేడు ఆమె దౌహిత్రి కళాశాలలో గణితము బోధించుచున్నది.

మాలికిని మన సంఘమునకును భేద మిక్కడనే యున్నది. మాలి తన పనిని దాచడు. "ఈ చెట్టు నా చేతిలో చిన్నదైన"దని యొప్పుకొని, దాని ప్రాణమునకు తాను పూచీపడును; తీగను వేళకు తీసివేయును. సంఘము తీగ చుట్టి మఱచును; అది బెరడులో దిగినపిదప, ఆ వంకర జన్మముతో వచ్చినదని శాస్త్రము చెప్పును. వేఱొక భేదమును గలదు. చెట్టు తన యిష్టము చెప్పనేరదు, బిడ్డ చెప్పగలదు. కావున మాలి యోర్పు మనము నేర్వవలసినదే గాని, వాని కత్తెర మనుష్యులపై నెత్తదగదు.

చదువరులారా! మీ యింటనో వీధిలోనో యెవ్వరినైనను గూర్చి "వారి బుద్ధి యింతే" యని యనబోవునప్పుడు, ముందుగా వారి కాళ్లక్రింద నెవ్వరు పెట్టిన పళ్లెమున్నదో యొకసారి వంగి చూడుడు.